బురదలో పడ్డ గొంజిరో

అనగనగా జపాను దేశంలో, కొండ వారన ఒక ఊళ్ళో, ఏటా గుర్రాల పండగ జరిగేది. గుర్రాలకి రంగురంగుల బట్టలు కట్టి, మెడనిండా గంటలు వేసి ఊరేగించేవారు. ఊరిపెద్ద ఇనప కవచం తొడుక్కుని అందరికన్నా ముందు గుర్రం మీద వెళ్ళాలి. ఊఁ కొట్టు మరి, నిద్రపోయావనుకుంటాను.

ఆ ఊరి గుడిలో పొడుగాటి కాయితం మీద వేసిన బొమ్మల చుట్ట ఒకటి ఉండేది, చాపలా చుట్టి దాచేవారు. కొత్త ఊరిపెద్ద మొదటిసారి నడిపిన పండగని అందులో బొమ్మగా వేయాలి. తాతల తాతల నాటి నుంచీ అదే పద్ధతి. జరిగింది జరిగినట్టే వేయాలి, ఏదీ దాచకూడదు.

ఆ ఏడు గొంజిరో అనే ఆయన ఊరిపెద్ద అయ్యాడు. అబ్బో, ఏం మీసాలు, ఏం ఠీవి! గుర్రమెక్కి బయల్దేరాడు. దారి పక్కన ఎవరో ముల్లంగి దుంపల బుట్ట పెట్టారు. గుర్రానికి పండగేం తెలుసు, పాపం? గభాల్న తల వంచింది. అప్పుడు గొంజిరో దాని మెడ మీంచి జర్రున జారి వరిమడిలో పడ్డాడు. కవచం బరువుకి లేవలేకపోయాడు. నలుగురూ పట్టి లాగితే బురదముద్దలా బయటికొచ్చాడు. గుర్రం మాత్రం ముల్లంగి నములుతూనే ఉంది.

ఇక గొంజిరోకి బెంగ పట్టుకుంది. ఈ బొమ్మ చుట్టలోకెక్కితే మునిమనవలు కూడా నన్ను చూసి నవ్వుతారు కదా అని అన్నం సయించలేదు.

బొమ్మలు వేసేది ఒతాకి అనే ముసలావిడ. మొదట ఆవిడకి బియ్యప్పిండి ఉండలు పంపించాడు. ఆవిడ శుభ్రంగా తినేసి బురద రంగు నూరుకోవడం మొదలెట్టింది. అప్పుడు పెళ్ళాన్ని పంపించాడు. ఆ ఇల్లాలు మొగుడు పడ్డ సంగతి ఎత్తగానే తనే పడీపడీ నవ్వి, కళ్ళు తుడుచుకుంటూ తిరిగొచ్చింది. ఆ తర్వాత ఇక లాభం లేదని తనే వెళ్ళాడు. గుర్రం మీద నిటారుగా కూర్చున్నట్టు వేయమని బతిమాలుకున్నాడు.

ఒతాకి అవ్వ రంగు గిన్నె పక్కన పెట్టింది. చుట్టని గది పొడుగునా పరిచి, "మీ తాతా ఊరిపెద్దే కదా, ఇందులో ఆయన ఎవరో చూపించు నాయనా" అంది.

గొంజిరో మోకాళ్ళ మీద పాకుతూ వెతికాడు. ఒకాయన చేతిలో విల్లు, ఒకాయన చేతిలో జెండా, ఇంకొకాయన చేతిలో గొడుగు. అందరూ నిటారుగానే ఉన్నారు, అందరివీ ఒకేలాంటి మొహాలు. చిన్నప్పుడు తనని భుజానెక్కించుకుని ఊరంతా తిప్పిన తాతని పోల్చుకోలేకపోయాడు. గొంజిరోకి ఏడుపొచ్చేసింది.

కళ్ళు తుడుచుకుని, నిటారుగా ఉన్న ఆ బొమ్మల వంక మళ్ళీ ఓసారి చూశాడు. ఆ తర్వాత మెల్లిగా అన్నాడు. "అవ్వా, మీసాలకి ఇంకాస్త బురద పెట్టు."

ఇప్పటికీ ఆ ఊరి పిల్లలు చుట్ట విప్పగానే ఆ విల్లాయన్నీ గొడుగాయన్నీ దాటేసి బురద దగ్గరికే పరిగెడతారట. పడీపడీ నవ్వి, "మా గొంజిరో తాత" అని చూపించుకుంటారట.

కథేమో కంచికి, గుర్రమేమో గడ్డికి, నువ్వేమో నిద్రకి.