కొత్వాలు గారి గుర్రం నడిచిన దారి

గాడిద చచ్చిపోయాక ఓబులమ్మ ఉప్పు బేరం ఆగిపోయింది. అప్పుడే కొత్వాలు భైరవయ్య తన గుర్రాన్ని ఇరవై రూకలకే అమ్ముతానని చాటింపు వేయించాడు. ఓబులమ్మ మూటలో ఉన్నవి సరిగ్గా ఇరవై. నాలుగు రోజులకే ఆ గుర్రం కూలబడితే ఆమె బతుకూ కూలబడినట్టే.

"బాగా నడిచి నడిచి అరిగిపోయినట్టుందే దొరా?"

"నోరు మూయవే! ఇంటి నుంచి కచేరీకి, కచేరీ నుంచి గుడికి. పదేళ్లలో అంతకు మించి ఒక్క అడుగు వేయలేదు," అన్నాడు భైరవయ్య, చుట్టూ చేరిన జనం వినేలా. కల్లు తాగినవాడికి కొరడా దెబ్బలు కొట్టించే పెద్దమనిషి ఆయన.

ఓబులమ్మ గుర్రమెక్కి పగ్గాలు వదిలేసింది.

"అదేం పనే?"

"ఎంత నడిచిందో దాన్నే అడుగుతున్నా దొరా."

గుర్రం కచేరీ దాటింది, గుడి దాటింది. జనం వెంటపడ్డారు. అది తిన్నగా ఈతవనంలోకి పోయి, చాటుగా ఉన్న కల్లుపాక ముందు ఆగి సకిలించింది. సకిలింపు విని పాకలోంచి ముసలమ్మ నిండు ముంతతో, తలెత్తి చూడకుండానే వచ్చింది. "ఇవాళ పొద్దున్నే వచ్చారేం దొరా?"

జనం గొల్లుమన్నారు. భైరవయ్య పరుగున వచ్చి పగ్గం పట్టుకున్నాడు. "ఐదు రూకలిచ్చి తోలుకుపో!"

"అలాగే దొరా. కానీ ఇది ఇంకా ఇంటిదారి పట్టడం లేదు. అదిగో, ఆ సందు వైపు లాగుతోంది. అక్కడెవరున్నారో చూసి..."

"ఊరికే తీసుకుపోవే తల్లీ!"

ఆనాటితో కొత్వాలు కొరడా అటకెక్కింది. గుర్రం మాత్రం అలవాటు మానలేదు, రోజూ కల్లుపాక ముందు ఆగేది. ఓబులమ్మ అదిలించేది కాదు. నంజుకునే వాళ్లున్న చోటే ఉప్పుకు గిరాకీ.