మొప్ప కింద బొటనవేలు

దస్తగిరికి ఒకటే బాధ. మూలికా వైద్యం చేసే బుడన్ షా దగ్గర శిష్యుడిగా చేరి ఏడేళ్ళయింది. ఏ ఆకు దేనికి పనికొస్తుందో, ఏ జ్వరానికి ఏ పథ్యమో అంతా కంఠతా వచ్చేసింది. అయినా రోగి గుమ్మంలో నిలబడితే మాట్లాడేది గురువుగారే. శిష్యుడి పని కల్వంలో మందు నూరడం వరకే.

శ్రావణంలో ఒక పొద్దున తనే మాట్లాడే అవకాశం కాళ్ళ దగ్గరికే వచ్చింది. గోదావరి ఎర్రనీళ్ళతో నిండుగా పోతోంది. రేవు పక్కన పాకలో షాగారు నమాజు చేసుకుంటున్నారు. అరుగు మీద దస్తగిరి ఒక్కడే ఉన్నాడు. పక్క లంక నుంచి నూకరాజు అనే రైతు పడవ దిగి వచ్చి ఒక బుట్ట, ఒక తడి గోనెమూట దించాడు.

"మా ఆవిడ మంగతాయారండి. నలభై రోజులు టైఫాయిడ్‌తో మంచం మీదే ఉంది. నిన్న నోరు తెరిచి చేప చారు కావాలంది. డాక్టరుగారు పెట్టమన్నారు గానీ, ఈసారి పొట్ట చెడితే మాత్రం మనిషి దక్కదన్నారండి." "బుట్టలోది పులస. మా బావమరిది పంపేడు. గోనెలోది మా చెరువులో పెంచిన కొరమీను. ఏది పెట్టమంటారు?"

దస్తగిరి గొంతు సవరించుకున్నాడు. ఏడేళ్ళుగా దాచుకున్న గొంతు మరి.

"ఇందులో అడగడానికేముంది? పుస్తెలమ్మైనా పులస తినాలని ఊరికే అన్నారా? సముద్రం వదిలి, వరదకి ఎదురీది వచ్చిన చేప. దాని ఒళ్ళంతా బలమే. చెరువు చేప నిలవనీళ్ళలో పడుండి, మేత వేస్తే నోరు తెరుస్తుంది. ఏ మందులు చల్లారో ఎవరికి తెలుసు? అసలా మూట విప్పకండి."

నూకరాజు దణ్ణం పెట్టి బుట్ట ఎత్తుకోబోయాడు.

"కాస్త ఆగు నాయనా" అంటూ షాగారు బయటికి వచ్చారు. అరుగు మీద చతికిలబడి శిష్యుడి వైపు చెయ్యి చాపారు. "బేటా, నీ చెయ్యి ఇలా ఇవ్వు."

దస్తగిరి బొటనవేలు పట్టుకుని పులస మొప్ప కిందికి దూర్చారు. లోపల జిగురుగా ఉంది. మొప్ప పైకెత్తితే పాత ఇటుక రంగు. వాసన గుప్పున కొట్టింది.

"ఎప్పుడు పట్టారు?"

"మొన్న రాత్రండి. ఐసు దారిలోనే కరిగిపోయిందట."

ఆ బుట్ట పడవెక్కి ఉంటే ఏమయ్యేదో తలుచుకుని దస్తగిరి దాన్ని గబుక్కున పక్కకి జరిపాడు.

షాగారు గోనె ముడి విప్పారు. చేయంత పొడుగు నల్లటి చేప, కదలిక లేదు. ఆ బొటనవేలినే కడిగి దాని మొప్ప కింద పెట్టారు.

మొప్ప మెల్లగా మూసుకుంది. వేలిని మెత్తగా నొక్కి వదిలింది. మళ్ళీ నొక్కింది.

దస్తగిరి వేలు తియ్యకుండా అలాగే ఉంచాడు. "బతికే ఉంది" అన్నాడు, తనకే వినబడనంత చిన్నగా.

"పొద్దు పొడవక ముందు తీశానండి. గోనె తడారకపోతే ఇంకా చాలాసేపు ఉంటుంది" అన్నాడు నూకరాజు.

"మేతేమిటి? నీళ్ళలో ఏమన్నా కలిపావా?" అడిగారు షాగారు.

"చిన్న చేపలేనండి. మందూ మాకూ ఎరగవు. పడకేసేదాకా మా ఆవిడే వేసేది. ఆవిడ గట్టు మీదికొస్తే చాలు, గుంపుగా వచ్చేసేవి."

"ఇదే పెట్టు. ముల్లన్నది లేకుండా తీసి, పల్చగా కాచు."

నూకరాజు వెళ్ళాక షాగారు పులసని రెండు చేతుల్లో రేవులోకి తీసుకెళ్ళి కళ్ళకద్దుకున్నారు. "ఎంత దూరం వచ్చావు తల్లీ" అని నీళ్ళలో వదిలారు. ఎర్రటి గోదావరి దాన్ని తీసుకుపోయింది. దస్తగిరి తన బొటనవేలినే చూసుకుంటూ నిలబడిపోయాడు. కొరమీను ఊపిరి ఇంకా దానికి తగులుతూనే ఉంది.

మధ్యాహ్నం తను పథ్యాలు రాసుకునే పుస్తకం తీసి 'పథ్యానికి చెరువు చేపే మేలు' అని సిరాతో రాసి గురువుగారికి చూపించాడు. ఆయన శిష్యుడి బొటనవేలిని కూజా నీళ్ళలో ముంచి, ఆ వాక్యాన్ని దానితోనే చెరిపేశారు.

"రేపొచ్చేది ఇంకో చేప" అన్నారు.

పదిహేను రోజులకి మంగతాయారు మొగుడి చెయ్యి పట్టుకుని తనే పడవ దిగింది. వెనకే ఎవరో ముసలాయన, చంకలో చేపల మూట. "మా మనవడికి జ్వరం తగ్గిందండి. ఇది పెట్టొచ్చా?" అనడిగాడు.

షాగారు దస్తగిరి వైపు తిరిగారు. "నువ్వు చెప్పు బేటా."

ఏడేళ్ళలో మొదటిసారి ఆ మాట. దస్తగిరి మోకాళ్ళ మీద కూర్చుని మూట ముడి విప్పసాగాడు.