రేవులో తేలిన నూనె

వెనకటికి ఒక రాజుగారి రేవులో రెండు విదేశీ ఓడలు పక్కపక్కనే లంగరు వేశాయి. ఒకటి ఎర్ర తెరచాపలది, ఇంకొకటి నీలి తెరచాపలది. వాటి నాయకులకు ఒకరిని చూస్తే ఒకరికి కన్నుకుట్టు. ఎర్రాయన తలపాగాలో ఈక పెడితే, నీలాయన ఏకంగా నెమలి పింఛమే పెట్టేవాడు.

ఒక ఉదయం రేవంతా దీపాల నూనె తేలింది. జాలర్ల వలలన్నీ జిడ్డుకట్టి పాడైపోయాయి. ఇద్దరు నాయకులూ "మాది కాదు" అన్నారు. ఎవరిదో తేలకుండా పరిహారం ఇప్పించలేనని రేవు అధికారి చేతులు దులుపుకున్నాడు. ఆయనకు బాగా వచ్చిన పని అదొక్కటే.

వలలు అల్లే నూకాలు మాత్రం ఆ నూనెను ముంతలోకి తేర్చి, ఒత్తి వేసి, అందరి ముందూ వెలిగించింది.

"ఎంత తెల్లటి వెలుగో చూడండి బాబూ! పొగే లేదు. ఇంత మేలు సరుకు ఎర్ర ఓడ బాబుగారిదే అయ్యుంటుంది."

ఎర్రాయన మీసం దువ్వుకుని, "మరింకెవరిది?" అన్నాడు.

నీలాయన మొహం మాడిపోయింది. "వాడి నూనె వెలిగిస్తే ఇంటిల్లిపాదీ దగ్గాలి! ఇది నాది. కావాలంటే వచ్చి చూడండి, నా పీపా ఇంకా కారుతూనే ఉంది!"

"అలాగా బాబూ," అంది నూకాలు. "అయితే వలలు మీరే ఇప్పించాలి."

అధికారికి తీర్పు చెప్పక తప్పలేదు. కొత్త వలలు ఇచ్చేదాకా నీలి ఓడ రేవు దాటకూడదన్నాడు.

వలలు వచ్చిన రోజు జాలర్లంతా నీలాయనకు దండాలు పెట్టారు. అది చూసిన ఎర్రాయనకు ఆ పూట అన్నం సహించలేదు. సాయంత్రానికల్లా తనూ అన్ని వలలు పంపాడు, పైన ఒకటి ఎక్కువే.