ఫోటోల దస్తగిరి, ఓబులమ్మ ఈల

అనగా అనగా, మీ ముత్తాత గోచీ కూడా లేకుండా వీధుల్లో పరిగెత్తే నాటి మాట. సీమలో దస్తగిరి అనే ఫోటోలాయన ఉండేవాడు. మూడుకాళ్ల పెట్టె కెమెరా భుజాన వేసుకుని తిరునాళ్లన్నీ తిరిగేవాడు. నల్లగుడ్డలో తల దూర్చి, ఎదురుగా ఎవరున్నా సరే ఒకటే గదమాయింపు: "కదలొద్దు! నవ్వొద్దు! ఊపిరి తీయొద్దు!" నవ్వితే బొమ్మ చెదిరిపోయే కాలం అది.

ఒక తిరునాళ్లలో సుంకి అనే ఆరేళ్ల పిల్ల వచ్చి ఎదురుగా నిలబడింది.

"మామా, మా అమ్మ ఫోటో తీస్తావా?"

"పిలుచుకొని రా, తీస్తా."

"జైల్లో ఉంది."

పక్కనున్న అవ్వ చెప్పింది. "నా బిడ్డ ఓబులమ్మే నాయనా. మా బర్రె చేనులో పడిందని మునసబు తోలుకుపోతాంటే, ఆయన వీపున రోకలి విరిచింది. ఐదేండ్లు వేసినారు. అప్పటికి దీనికి రెండేండ్లు. ఇప్పుడు కనబడిన ఆడమనిషినల్లా 'నువ్వు మా అమ్మవా' అని అడుగుతాంది."

"అమ్మ మొగం గుర్తుందా పాపా?" అన్నాడు దస్తగిరి.

"లేదు. నవ్వితే పంటి సందులోంచి ఈల వస్తుంది. అంతే గుర్తు."

దస్తగిరి నల్లగుడ్డ మడిచి చంకన పెట్టుకున్నాడు. కెమెరా ఎత్తుకుని నేరుగా జైలుకు నడిచాడు.

జైలరు గుడ్లురిమాడు. "ఖైదీలకు ఫోటోలేమిరా?"

దస్తగిరి ఆయన మీసం చూశాడు. ఈ చెవి దగ్గర మొదలై ఆ చెవి దగ్గర ముగిసే మీసం.

"ఖైదీలకు కాదు దొరా, తమ మీసానికి. ముందు ఆ ఓబులమ్మను కూర్చోబెడితే వెలుగు ఎట్లుందో చూసుకుంటా."

జైలరు వెన్నలా కరిగిపోయాడు. ఓబులమ్మ వచ్చి కర్ర మింగినట్టు కూర్చుంది. ఆ ఫోటో చూసి సుంకి తల అడ్డంగా ఊపింది. "ఈమె కాదు. ఈమె మునసబు మాదిరి ఉంది."

దస్తగిరి మళ్లీ పోయాడు. "దొరా, కుడి మీసం ఫోటోలో పట్టలేదు."

"మరి తీయి, చూస్తావేం!" అన్నాడు జైలరు.

ఈసారి బిడ్డ పేరు వినగానే ఓబులమ్మ ఏడ్చేసింది. సుంకి ఆ ఫోటో చూసి, "ఎవరో పాపం, ఏడుస్తాంది. మా అమ్మ కాదు," అంది.

మూడోసారి పోయాడు. "దొరా, ఎడమ మీసం పట్టలేదు." జైలరు అప్పటికే మీసానికి నెయ్యి రాసుకుని సిద్ధంగా ఉన్నాడు.

ఓబులమ్మ మెల్లగా అడిగింది. "నా బిడ్డ నన్ను గుర్తు పట్టిందా అన్నా?"

దస్తగిరికి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "లేదమ్మా. మొదటి ఫోటో చూసి, ఈమె మునసబు మాదిరి ఉంది అనింది."

"ఎవరి మాదిరి?"

"మునసబు మాదిరి."

ఓబులమ్మ నోరు తెరిచింది. భుజాలు కదిలాయి. నాలుగేండ్ల నవ్వంతా కట్ట తెంచుకుని, పంటి సందులోంచి ఈలై మోగింది. ఎవరో గోడ దూకారనుకుని జవాన్లు లాఠీలు పట్టుకుని నాలుగు దిక్కులా పరిగెత్తారు. "గేటు మూయండి!" అని జైలరు కేకలు పెట్టాడు. దస్తగిరి మాత్రం పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, "కదులమ్మా! నవ్వమ్మా!" అని అరుస్తూ ఫోటో తీశాడు.

బొమ్మ చెదిరింది. రెండు కళ్లు నాలుగయ్యాయి. పంటి సందు మాత్రం చక్కగా పడింది. సుంకి ఆ ఫోటోను చెవి దగ్గర పెట్టుకుంది.

"మా అమ్మే," అంది.

మరుసటేడు ఓబులమ్మ జైలు గేటు దాటి వచ్చినప్పుడు సుంకి ఎవరినీ ఏమీ అడగలేదు. ఉరికి పోయి ఆమె కాళ్లను చుట్టుకుంది.

ఆ జైల్లో ఇంకా ఎందరో తల్లులు. ఒక్కొక్కరూ దస్తగిరికి కబురు పెట్టారు. పాపం, జైలరు మీసం పన్నెండేండ్లపాటు ఫోటోలో పట్టనే లేదు.

దస్తగిరి పోయిన రోజు, దండ వేద్దామంటే ఆయన ఫోటో ఒక్కటీ దొరకలేదు. ఊరందరికీ తీశాడు గానీ తనది తీయించుకోలేదు. అందుకే ఆ వైపు ఊళ్లలో ఇప్పటికీ తల్లీబిడ్డా ఫోటోకు నిలబడితే, పక్కన ఒక మనిషి పట్టేంత జాగా వదులుతారు. తెలియక ఎవరైనా అందులో దూరారా, ముసలమ్మలు ఊరుకోరు:

"కొంచెం జరుగు నాయనా, ఆడ దస్తగిరి నిలబడినాడు."