పోగు తెగితే ఆగని చేతులు

ఒక మిల్లుకు నూట ఒక్క కిటికీలున్నాయి. నూట ఒక్కటికీ మేకులు కొట్టేశారు.

ఆ మిల్లు ఎంత పెద్దదంటే, తూర్పు గేటులో పెళ్లికూతురిగా అడుగుపెట్టిన పిల్ల పడమటి గేటు చేరేసరికి అమ్మమ్మ అయ్యేది. లోపల మోత ఎంతంటే, నెత్తిన పిడుగు పడినా ఎవరో చిటికె వేశారనుకునేవాళ్లు. ఇక దూది సంగతి చెప్పనే అక్కర్లేదు. గాలిలో దూది, కూట్లో దూది, కలలో దూది. ఒక్కసారి తుమ్మితే దిండు, రెండుసార్లు తుమ్మితే పరుపు.

అక్కడ నూలు వడికే కదుళ్లు పన్నెండు వేలు తిరిగేవి. వాటి ముందు మూడు వందల మంది ఆడవాళ్లు నిలబడి, తెగిన పోగునల్లా పట్టి ముడి వేసేవాళ్లు. పోగు తెగిందా, చెయ్యి వెళ్లిందా, ముడి పడిందా, అంతే. రెప్ప వాలే లోపు పని అయిపోయేది. ఆ ముడి నువ్వుగింజలో సగం ఉండేది. రెండు ఏనుగులు చెరోవైపు లాగినా ఊడేది కాదు. ఊడే ముడి వేసిన మనిషికి మర్నాడు గేటు తెరుచుకునేది కాదు మరి.

యజమానికి లోకంలో ఒక్కడే శత్రువు, వాయుదేవుడు. పొడిగాలి సోకితే పోగు తెగుతుంది. అందుకే మేకులు.

"గొంతు ఎండితే నీళ్లు తాగొచ్చు. పోగు ఎండితే ఏం తాగుతుంది?" అనేవాడు.

నిజానికి అతను చెడ్డవాడేమీ కాడు. పోగుల్ని కన్నబిడ్డల్లా చూసుకునేవాడు. చిక్కల్లా ఏమిటంటే, అతనిలో ఉన్న ప్రేమంతా ఆ పోగులకే సరిపోయింది. మనుషుల దాకా వచ్చేసరికి గిన్నె ఖాళీ.

ఆ ఊళ్లోనే ఒక నల్లకోటు ప్లీడరు ఉండేవాడు. కోటుకు ఆయనకంటే వయసెక్కువ. అంచులనిండా పోగులు వేలాడుతుంటే, ఎలుగుబంటి వస్తోందని వీధికుక్కలు తోక ముడిచేవి. కానీ కోర్టులో నోరు తెరిచాడంటే గోడమీది గడియారం ఆగిపోయి వినేది. ఆయన వెళ్లిపోయాక బంట్రోతు నిచ్చెన ఎక్కి దానికి మళ్లీ కీ ఇచ్చుకునేవాడు.

చలి వెనకపట్టిన రోజుల్లో ఒక పొద్దున, ప్లీడరు వాకిట్లోకి మిల్లు పెద్దమ్మ వచ్చింది. ముడులు వేసేవాళ్లందరిలోకీ పెద్దది కాబట్టి అందరికీ పెద్దమ్మే. ఆవిడ దగ్గితే ఏటి అవతల ఇళ్ల పెంకులు జారేవి.

"కిటికీ కావాలి బాబూ," అంది.

"ఇంటికా పెద్దమ్మా?"

"మా ఇంటికి కిటికీ ఎందుకూ, గోడే సగం లేదు! మిల్లుకి. నేను నిలబడే చోట, నా తలకాయ పక్కనే ఉంది, మేకులు దిగేసుకుని. వైద్యుడు నా రొమ్ముకి చెవి ఆనించి, లోపలంతా దూదే, జాగా లేదు ముసలమ్మా, ఈ వేసవి ఆ మిల్లులోనే ఉంటే దాటవన్నాడు. కాస్త గాలి తగిలితే దాటుతానట."

"మానేసి ఇంట్లో కూర్చోకూడదూ?"

"కూర్చుంటే అన్నం మానెయ్యాలి. అప్పుడు వేసవి దాకా కూడా అక్కర్లేదు," అని నవ్వింది. ఆ నవ్వు దగ్గయింది. నాలుగు పెంకులు జారాయి.

ప్లీడరుకు ఒక జబ్బుంది. ముసలివాళ్లు నవ్వుతూ అడిగితే కాదనలేడు. "ఎండలు ముదరకముందే తెరిపిస్తాను," అని మాట ఇచ్చేశాడు. ఇచ్చాక ఒళ్లంతా చెమట పట్టింది.

కోర్టుకు వెళ్లి మూడు రోజులు మాట్లాడాడు. బంట్రోతు ఏడ్చాడు, జడ్జిగారు ఏడ్చారు, అవతలి పక్షం ప్లీడరు కూడా చేతిరుమాలు పిండుకున్నాడు. చివరికి జడ్జిగారు ముక్కు తుడుచుకుని చట్టం తెరిచారు.

"మిల్లుకు కిటికీలు ఉండాలని రాసుంది. ఉన్నాయి. తెరవాలని ఎక్కడా రాయలేదు. నేనేం చెయ్యనయ్యా?" అన్నారు.

ప్లీడరు అక్కణ్ణుంచి తిన్నగా మిల్లు గేటు దగ్గరికి వచ్చాడు. అన్నం వేళ. క్యారేజీలు విప్పుకున్న మూడు వందల మందీ ఆయన చుట్టూ చేరారు.

"నా నోటివల్ల కాలేదమ్మా. ఇక మీ చేతులవల్లే కావాలి. రేపు ఒక్కరోజు, తెగిన పోగుని తెగినట్టే వదిలెయ్యండి. ఒక్కరు వదిలితే ఆ ఒక్కరినీ గెంటేస్తారు. అందరూ వదిలితే ఎవరిని గెంటుతారు?"

"అంతేనా! ఏ పనీ చెయ్యకుండా నిలబడాలి, అంతే కదా?" అంది వాళ్లలో నోరున్న పడుచు ఒకతె. "మా ఆయన పెళ్లయిన దగ్గర్నుంచీ అదే చేస్తున్నాడు. ఆయనకొచ్చిన విద్య నాకు రాదా?"

నవ్వులతో గేటు ఊగింది. మూడు వందల మందీ ఒట్టు వేశారు.

మర్నాడు మిల్లు కూత మోగింది. అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. మరలు కదిలాయి. కాసేపటికి ఎక్కడో ఒక పోగు టప్పున తెగింది.

సాయంత్రం గేటు దగ్గర ప్లీడరు ఎదురుచూస్తుంటే, మూడు వందల తలకాయలు నేల చూస్తూ బయటికి వచ్చాయి.

"ఏమైందమ్మా?"

"తెగింది బాబూ. అతికాం."

"అతకొద్దన్నాను కదా!"

"మేమూ వద్దనే అనుకున్నాం," అంది పెద్దమ్మ. "చేతులకి చెప్పడం మరిచిపోయాం."

ఆ రోజు దిగినంత నూలు మిల్లు పుట్టాక ఎప్పుడూ దిగలేదట. ఆనందం పట్టలేక యజమాని మేస్త్రీకి అరటిపండు ఇచ్చాడు, అదీ సగం.

ప్లీడరుకు కోపం వచ్చింది. సెలవు రోజున అందరినీ ఏటి ఇసుకలో కూర్చోబెట్టి, వరసల మధ్య అటూ ఇటూ తిరుగుతూ పొద్దెక్కిన దగ్గర్నుంచి పొద్దు వాలేదాకా మాట్లాడాడు. మాట మీద మాట వచ్చి, "సొంత చేతుల్నే ఆపుకోలేనివాళ్లకి కిటికీ ఎందుకు?" అని కూడా అనేశాడు. అని నాలుక కరుచుకున్నాడు. ఒక్కరూ తల ఎత్తలేదు. అదే ఆయనకు ఎక్కువ గుచ్చుకుంది.

మాటలు అయిపోయి చెమట తుడుచుకోబోతే, కోటు కొత్తగా కనిపించింది. అంచున వేలాడే పోగు ఒక్కటి లేదు. జేబు చినుగు లేదు. మోచేతి దగ్గర, బొప్పాయికాయ పట్టేంత చిల్లి, అదీ లేదు. ఆయన తిరుగుతూ తిడుతూ ఉన్నంతసేపూ, దాటిపోతున్న కోటును వరసకొకరు అతికేస్తూనే ఉన్నారు.

"ఎవరు చేశారిది?"

మూడు వందల మందీ చేతులు వెనక్కి దాచుకున్నారు.

ప్లీడరు ఇసుకలో కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. తను తిట్టిపోసిన చేతులు ఇవేనా అనుకున్నాడు. ఏటిని ఆగమనడం తన తెలివితక్కువ. ఏటికి కాలవ తవ్వాలి.

"పెద్దమ్మా, ఈ ముడి విప్పేదెట్లా?"

"విప్పడమా?" ఆవిడకు ఆ మాట కొత్తగా వినిపించింది. "అది మాకెవరూ నేర్పలేదు బాబూ."

అప్పుడాయన వంగి, తనకు తోచిన సంగతి మెల్లిగా చెప్పాడు.

"కొంగులా?" అంది నోరున్న పడుచు. "పెళ్లిలో మా ఆయన కండువాకి నా కొంగు కట్టారు. పందిరి దాటకముందే ఊడింది."

"అది పురోహితుడి ముడే," అంది పెద్దమ్మ. "ఇది మనం వేసేది."

ఈలోగా ఎండలు ముదిరాయి. ఏట్లో చేపలు గొడుగులు అడుగుతున్నాయని చెప్పుకునేవాళ్లు. పెద్దమ్మ దగ్గుకు పెంకులు జారడం మానేశాయి. అంత గట్టిగా దగ్గే ఓపిక ఆవిడకు లేదు. అందరికీ భయం పట్టుకున్నది అందుకే.

ఒక సోమవారం కూత మోగేసరికి, కొంగుకున్న రెండు కొసల్లో ఒకటి ఎడమ మనిషికీ, ఒకటి కుడి మనిషికీ కట్టుకుని వరసలన్నీ నిలబడి ఉన్నాయి. మరలు కదిలాయి. ఒక పోగు తెగింది. ఒక చెయ్యి ముందుకు వెళ్లింది. ఆ చేతి వెనక భుజం, భుజం మీది కొంగు, కొంగు వెనక పక్క మనిషి, ఆ మనిషి వెనక మరో రెండు వందల తొంభై ఎనిమిది మంది. చెయ్యి అందలేదు.

పది తెగాయి. వంద తెగాయి. ఏడుస్తున్న పసిపిల్లను ఎత్తుకోకుండా నిలబడ్డట్టు వాళ్లంతా కళ్లు మూసుకుని నిలబడ్డారు. మధ్యాహ్నానికి పన్నెండు వేల కదుళ్లూ ఉత్తినే తిరుగుతున్నాయి.

యజమాని పరుగెత్తుకొచ్చాడు. "విప్పరా!" అని మేస్త్రీ మీద అరిచాడు.

ఆ మేస్త్రీ కూడా ఒకప్పుడు అక్కడ ముడులు వేసినవాడే. పదేళ్లుగా ఈల ఊదడం తప్ప వేరే పని లేదు. గోళ్లతో పీకాడు. పళ్లతో లాగాడు. ఒక పన్ను ఊడింది గానీ ముడి ఊడలేదు.

"అయ్యగారూ, ఇది మన మిల్లు ముడండీ. ఊడకూడదని తమరే చెప్పారు."

యజమాని కత్తెర తెప్పించాడు. పెద్దమ్మకూ పడుచుకూ మధ్య కొంగును తన చేత్తోనే కసుక్కున కత్తిరించాడు. కత్తెర నోరు మూసుకునేలోపు మేస్త్రీ చేతులు వెళ్లి అతికేశాయి.

ఇంకోసారి కత్తిరించాడు. ఇంకోసారి అతుక్కుంది. తొమ్మిదిసార్లు.

"ఏం చేస్తున్నావురా వెధవా?"

"నాకూ తెలీదండయ్యా," అంటూ మేస్త్రీ తన చేతులను తనే వింతగా చూసుకున్నాడు. "తెగింది కదండీ మరి."

యజమాని చెమటలు కక్కుతూ చుట్టూ చూశాడు. మేకులు దిగిన నూట ఒక్క కిటికీలు. ఊపిరి ఆడలేదు అతనికి, మొదటిసారి. "ఆ ప్లీడరుని పిలవండి," అన్నాడు.

ప్లీడరు వచ్చి పెద్దమ్మ పక్కన నిలబడ్డాడు. ఆవిడ గోడకు ఆనుకుని ఉంది. పెదవులు నల్లబడ్డాయి.

"ఏం కావాలయ్యా నీకు?"

"నాకేమీ వద్దు. వాళ్లకి కిటికీలు."

"ఎన్ని?"

"ఎన్నింటికి మేకులున్నాయో అన్ని. ముందు ఇది."

మేస్త్రీ మొదటి మేకు పీకాడు. రెక్క తెరుచుకుంది. ఏటి మీది గాలి లోపలికొచ్చి, ఎవరిల్లో తెలియని చుట్టంలా ఒక్కక్షణం గుమ్మంలో ఆగి, తిన్నగా పెద్దమ్మ దగ్గరికే వెళ్లింది. ఆవిడ ఒక ఊపిరి తీసింది. ఎంత ఊపిరంటే, ఏటి మీద ఎగురుతున్న కొంగలు రెండు బారలు ఇటు జరిగాయి. తర్వాత దగ్గింది. అవతలి ఒడ్డున పెంకులు జారిన చప్పుడు వినిపించి, మూడు వందల మందీ ఏడుస్తూ నవ్వారు.

యజమాని అన్నది అబద్ధమేమీ కాదు. ఆ తర్వాత రోజుల్లో గాలికి పోగులు కాస్త ఎక్కువే తెగాయి. చేతులు కూడా కాస్త ఎక్కువే వెళ్లాయి. ఆ సాయంత్రం అదే కత్తెర తెచ్చి, చేతులు మళ్లీ అతక్కుండా అందరినీ కళ్లు మూసుకోమని, కొంగులు విడిపించారు. ప్రతి మనిషీ పక్క మనిషి చీరముక్కను తన కొసకు వేలాడదీసుకుని ఇంటికి వెళ్లింది.

ప్లీడరు కూడా బయల్దేరాడు. అడుగు పడలేదు. కోటు వెనకనుంచి పట్టి ఉంది.

పెద్దమ్మ గోడ పక్కన చివరి మనిషి. ఆవిడ కొంగుకు కట్టడానికి ఎవరూ లేని కొస ఒకటి మిగిలింది. ఆ కొస ఇప్పుడు కోటు అంచుకు కట్టి ఉంది.

"ఎవరు కట్టారే?" అంది పెద్దమ్మ. పడుచు వంగి చూసి మొహం చిట్లించింది.

"ఇది మనవాళ్ల ముడి కాదు పెద్దమ్మా. పసిపిల్లలు కూడా ఇంత అన్యాయంగా వెయ్యరు. ఊదితే ఊడిపోతుంది. ఒక్క లాగు లాగండి ప్లీడరుగారూ."

ప్లీడరు కిటికీ బయటికి చూస్తూ నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. లాగలేదు.

పెద్దమ్మ ఆయన మొహం వైపు చూసింది, ముడి వైపు చూసింది. ఇంతలో ఆవిడ చేతులు వెళ్లి, ఆ ముడిని ఊడదీసి, సరిగ్గా వేశాయి.