తడి ఆకుకు అంటని ముద్ర

అనగనగా ఒక రాజు ఇచ్చిన మాట ఇది: “తుఫాను నగారా మోగిన క్షణాన, మెట్ట మీది ఉప్పు కొటారు తలుపులు మనిషన్న ప్రతివారికీ తెరుచుకుంటాయి. సూర్యచంద్రులు సాక్షి.”

సూర్యచంద్రులు ఇంకా ఉన్నారు. మాటే లేదు. అది ఎలా పోయిందో వినండి పిల్లలూ.

లవణపురి రాజ్యం సముద్రపు అంచున ఉండేది. జనమంతా ఉప్పు మడుల్లో పనిచేసేవారు. మడులు పల్లంలో, గుడిసెలూ పల్లంలోనే. ఎత్తున ఉన్నవి రెండే. ఒకటి రాజుగారి కోట, రెండోది ఉప్పు నిలవచేసే రాతి కొటారు. ఉప్పు మెట్ట మీద, దాన్ని పండించినవాళ్లు పల్లంలో. అలాంటి రాజ్యం అది.

ఊరికి దూరంగా ఇసుకదిబ్బ మీద అసిరమ్మ ఒక్కతే ఉండేది. గాలి వాసన పట్టి, అలల రంగు చూసి, పీతలు బొరియలు విడిచి పైకెక్కే తీరు గమనించి తుఫాను జాడ కనిపెట్టడం, నగారా కొట్టడం ఆమె పని. అది తల్లి నుంచి వచ్చింది. దానితోపాటు వెలి కూడా వచ్చింది. నగారా కొట్టే చెయ్యే తుఫానును పిలుస్తుందని ఊరి నమ్మకం. ఆమెను పెళ్లికి పిలవరు, చావుకీ పిలవరు. కూడు తెచ్చి దిబ్బ కింద రాయి మీద పెట్టి, ఆమె దిగేలోగా వెళ్లిపోతారు. ఆ గుమ్మంలోకి వచ్చే చుట్టం గాలి ఒక్కటే.

ఆ మాట ఇచ్చాక మొదటిసారి నగారా మోగినప్పుడు రాజు మాట నిలుపుకున్నాడు. కొటారు తలుపులు తెరుచుకున్నాయి. గుడిసెలు కొట్టుకుపోయాయి, మనుషులు మిగిలారు. మనుషులు మిగిలినందుకు జనం రాజుకు జేజేలు పలికారు. గుడిసెలు పోయినందుకు అసిరమ్మను తిట్టారు.

రెండోసారి గాలి దారి మార్చుకుని పక్క రాజ్యం మీద పడింది. లవణపురిలో నాలుగు చినుకులు రాలాయంతే. ఆ రోజు రాజుగారి పుట్టినరోజు విందు. నగారా వినగానే వంటవాళ్లూ, వడ్డించేవాళ్లూ, పల్లకీ బోయీలూ మెట్టెక్కి కూర్చున్నారు. రాజు తన చేతులు తానే కడుక్కోవలసి వచ్చింది. అంతటి కష్టం ఏ రాజు ఓర్చుకోగలడు?

వెంటనే ముద్రాధికారి గుణనిధి కొత్త ఉత్తర్వు చదివాడు. ఇకపై నగారా కొట్టాలంటే తాటాకు మీద విన్నపం రాసి తెచ్చి, లక్కముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని నగారా నగారా కాదు. దానికి కొటారు తలుపు తీయరాదు. కొట్టిన చేతులు నరకబడును.

మూడోసారి ఆశ్వయుజం చివర, మిట్టమధ్యాహ్నం, తూర్పు ఆకాశం రాగి రంగుకు తిరిగింది. పీతలు బారులు తీరి దిబ్బ ఎక్కాయి. అసిరమ్మ విన్నపం రాసుకుని వానలో కోటకు పరుగెత్తింది. గుణనిధి ఆ ఆకును రెండు వేళ్లతో ఎత్తి చూశాడు.

“తడిసిపోయింది. తడి ఆకుకు లక్క అంటదు. ఎండిన ఆకు తెచ్చుకో.”

“ఎండిన ఆకు కావాలంటే ఎండ కాసే రోజున రావాలి. ఎండ కాసే రోజున నగారా ఎందుకయ్యా?”

“నియమం అందరికీ ఒక్కటేనమ్మా.”

అవును పిల్లలూ, నియమం అందరికీ ఒక్కటే. మునిగేది మాత్రం కొందరే.

ఆమె తిరిగి వచ్చేసరికి కెరటం మొదటి మడి గట్టు దాటింది. కొడితే చేతులు పోతాయి. కొట్టకపోతే నూరు గుడిసెలు పోతాయి, అందులోని మనుషులతో సహా. ఒక్కనాడూ ఆమెను పలకరించని నూరు గుడిసెలు. అసిరమ్మ కాసేపు తన చేతుల వంక చూసుకుంది. తర్వాత కర్రలు అందుకుంది.

జనం బయటికైతే వచ్చారు, కాని కదల్లేదు. మడుల పెద్ద దాలయ్య దూరం నుంచే అడిగాడు, ముద్ర పడలేదట కదా, మెట్టెక్కి మూసిన తలుపు ముందు చావాలా అని.

“దాలయ్య మావా, రోజూ కొటారు తలుపు దేనికి తీస్తారు?”

“ఉప్పుకి.”

“అయితే ఉప్పే ఎత్తండి. మనిషికో గంప. చంటిదాని చేతిలో చిటికెడు పెట్టినా చాలు.”

అలా గంపల మీద తాటాకులు కప్పుకుని ఊరంతా మెట్టెక్కింది. కావలివాడు తలుపుకు అడ్డం నిలబడ్డాడు. ముద్ర లేని నగారా తన చెవిన పడనే లేదన్నాడు.

“నగారా ఏమిటి బాబూ? మేం ఉప్పు తెచ్చాం,” అంది అసిరమ్మ. “కాసేపుంటే రాజుగారి సొత్తు కరిగి నీ కాళ్ల మీదుగా పారుతుంది. ఎవరు కరిగించారంటే ఏం చెప్పమంటావు?”

మనుషులకు మూసిన తలుపు ఉప్పుకు తెరుచుకుంది.

బయట సముద్రం ఊరిని మింగుతుంటే లోపల జనం ఒకరినొకరు కరుచుకుని కూర్చున్నారు. అసిరమ్మ చుట్టూ మాత్రం నాలుగు బారల నేల ఖాళీగా ఉంది. ఆమె అలవాటుగా గోడకు ఒదిగింది. చాలాసేపటికి దాలయ్య లేచి, ఆ ఖాళీ దాటి వచ్చి, పక్కన కూలబడ్డాడు.

“ఆకాశం ముందు ఎర్రబడింది. నువ్వు తర్వాత కొట్టావు. ఇన్నేళ్లూ ఇది మాకు తోచలేదే పిల్లా.”

ఆమె గోడ వదిలి అతని వైపు కాస్త జరిగింది. మిగతావాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే ఉండిపోయారు.

మర్నాడు రాజు వచ్చి ఉప్పు రాశులు చూసి మురిసిపోయాడు. గుణనిధి అసిరమ్మ చేతులు నరకమన్నాడు. నగారా తన చెవిన పడనే లేదని కావలివాడు ప్రమాణం చేశాడు. మోగని నగారాకు శిక్ష ఎలా వేస్తారు? రాజు పల్లకీ ఎక్కి వెళ్లిపోయాడు. పల్లంలో నిలబడడానికి ఒక్క గుంజ కూడా మిగలలేదన్న సంగతి ఎవరూ ఆయనకు చెప్పలేదు, ఆయనా అడగలేదు.

అప్పుడు అసిరమ్మ బొగ్గు తీసుకుని కొటారు తలుపు మీద రాసింది. కింద తన బొగ్గు చెయ్యి అద్దింది. దాలయ్య తన చెయ్యి అద్దాడు. మూడో చెయ్యి రాలేదు. రెండు చేతుల పైన ఉన్న మాటలు ఇవి:

“రాజా, ఉప్పు బతికింది, సంతోషించారు. మా ప్రాణాలకు ముద్ర ఎందుకు కావాలో చెప్పండి. హెచ్చరించే గొంతును వెలివేసిన ఊరూ, దానికి తలుపు మూసిన రాజ్యమూ కలిసే మునుగుతాయి. జవాబుకు గడువు కార్తీక పౌర్ణమి, సూర్యాస్తమయం.”