గాడిద లేని సినిమా

గట్టు మీది బడికీ, వాగు అవతలి బడికీ పడదు. ఎందుకు పడదో ముసలి ఏనుగు మాస్టారికి కూడా గుర్తులేదు. పడకూడదన్నది మాత్రం ఏటా కొత్త పిల్లలకు మొదటి పాఠం. ఆ పోటీ మీదే ఒక నవ్వుల సినిమా తియ్యాలని గట్టు బడి నక్క పరంధాంకి బుద్ధి పుట్టింది. ఉన్నదల్లా ఒక పగిలిన ఫోనూ, దాన్ని కట్టడానికో వెదురు కర్రా. మాటలు మాత్రం కోటలు దాటేవి.

వాగు బడి కుర్రాడి వేషానికి అసలైన వాగు బడివాడే కావాలని గాడిద వీరేశాన్ని అడిగాడు.

"నన్ను వెక్కిరించడానికా?"

"ఛఛ! నాదొక మాట, నీదొక మాట. సరిసమానం. నీ జవాబులు నువ్వే రాసుకో."

వీరేశం ఒప్పుకున్నాడు. వాగు బడివాళ్లు ఊరుకుంటారా? "అవతలి వాళ్ల పంచన చేరి మన పరువు తీస్తావా?" అని అతనితో మాటలు మానేశారు. "మన మాట కూడా ఉంటుంది, చూశాక అనండి" అన్నాడు గానీ, ఆ రోజు నుంచి మధ్యాహ్నం ఒక్కడే కూర్చుని గడ్డి తినేవాడు. ఆ వయసులో అంతకన్నా కష్టం లేదు.

షూటింగు మొదలైంది.

"మీ బడికి గోడలే లేవటగా!" అన్నాడు పరంధాం.

"ఎందుకూ? మా పిల్లలు పారిపోరు" అన్నాడు వీరేశం.

కెమెరా పట్టుకున్న కోతి మల్లిక నవ్వాపుకోలేక కర్ర వదిలేసింది. పరంధాం నోరు తెరిచాడు, నటన కాదు, నిజంగానే. ప్రతి సీనులోనూ ఇదే వరస. నక్కకి కడుపు మండిపోయింది.

ఎడిటింగు రోజున మల్లిక పక్కన చేరాడు. "గాడిద కనిపించిన చోటల్లా కోసెయ్. గొంతు వినిపించిన చోట మ్యూట్ చెయ్. నా క్లోజప్పులు మాత్రం ముట్టుకోకు."

"మాటిచ్చావుగా? పైగా నవ్వంతా అతని జవాబులోనే ఉంది."

"గాడిదకేం తెలుసు గంధపు వాసన! ఫోనులో చోటు లేదు, కోసినవన్నీ చెరిపెయ్ కూడా."

పక్కనే కూర్చుని చెరిపించాడు.

పెద్ద గుహలో తెల్లపంచె కట్టి సినిమా వేశారు. రెండు బళ్లవాళ్లూ వచ్చారు. తెర మీద అంతా నక్కే. గోడల మాట అన్నాడు, ఎవరి మాటో విన్నట్టు చూశాడు, నోరు తెరిచాడు. ఎందుకు తెరిచాడో ఎవరికీ అర్థం కాలేదు. వాగు బడివాళ్లు వెనక్కి తిరిగారు. "మన మాట ఏదిరా?"

వీరేశానికి ఏడుపొచ్చింది. సినిమాలో తను లేడు. ఇక బళ్లోనూ ఉండడు.

తెర మీద పరంధాం ఛాతీ విరిచాడు. "మా బడి గంట పది ఊళ్లకు వినబడుతుంది!"

నెల రోజులు వల్లె వేసిన జవాబు వీరేశం నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. "మీ పిల్లలకు తప్ప."

తెర మీది నక్క, సరిగ్గా ఆ మాటే విన్నట్టు, గుటక మింగాడు.

ముందు వాగు బడి నవ్వింది. తర్వాత గట్టు బడి నవ్వింది, ఎక్కువగా.

"మా బళ్లో అందరికీ నూటికి నూరే!" అన్నాడు తెర మీది నక్క.

ఈసారి వీరేశం లేచి నిలబడ్డాడు. "ప్రశ్నల కంటే ముందు జవాబులిస్తే మాకూ వస్తాయి!"

నక్క కళ్లు తేలేశాడు. ఎంత పెద్ద క్లోజప్పో! ఏనుగు మాస్టారు తొండం అడ్డం పెట్టుకుని నవ్వారు. పక్కబడివాణ్ణి తోసుకుంటూ నవ్విన పిల్లలకి, ఎవరు ఏ బడో కాసేపు గుర్తే లేదు.

మర్నాడు ఆ సినిమా తమ దగ్గరా వెయ్యమని నాలుగు అడవుల నుంచి పిలుపులొచ్చాయి. పరంధాం పరుగెత్తాడు. "మల్లికా, ఆ గాడిద షాట్లు మళ్లీ పెట్టు!"

"ఎక్కడున్నాయి? నువ్వే దగ్గరుండి చెరిపించావు."

ఇక ఆ సినిమా ఎక్కడ ఆడాలన్నా పరంధాం వాగు దాటాలి, వీరేశాన్ని బతిమాలాలి, వెంట తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టాలి. అలా దాటిన మొదటిరోజు వీరేశం ఒంటరిగా లేడు. చుట్టూ తన బడివాళ్లున్నారు, మధ్యలో గడ్డి ఉంది.

"వస్తాను గానీ, ముందు తిననివ్వు" అన్నాడు.

నలుగురిని నవ్వించాలంటే ఇద్దరుండాలి. ఎదుటివాణ్ణి కోసేసినవాడికి మిగిలేది తన మొహమే.